సైడ్ బై సైడ్ షాట్‌గన్: పిట్టల వేటకీ క్లే షూటింగ్‌కీ రెండు తుపాకుల్ని పోల్చి చూసే పద్ధతి

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు ఎవరైనా సైడ్ బై సైడ్ కొనాలనుకున్నప్పుడు మొదట అడిగేది ఏ కంపెనీది మంచిది అని. నన్నడిగితే అది చిట్టచివర అడగాల్సిన ప్రశ్న. ముందు ఆ తుపాకీతో మీరు చేసే పనేంటి, దాని బరువుకీ మీరు వేసే తూటాకీ పొంతన ఉందా, అది మీ ఒంటికి సరిపోతుందా, లోపల ఆరోగ్యంగా ఉందా, కాగితం మీద ఎక్కడ కొడుతోంది, ఇవన్నీ ఈ వరసలోనే తేలాలి. ఇలా చూస్తే వెయ్యి డాలర్ల టర్కీ తుపాకీ ఐదు వేల ఇటలీ తుపాకీ కన్నా మీకు మేలని తేలొచ్చు, ఫలితం అటు తిరగబడనూ వచ్చు. చెక్కుడు పని, గట్టి వాల్‌నట్ చెక్క మీద నునుపు చూసి మనసు పారేసుకోవడం మాత్రం చివరికి పెట్టుకోండి.

కొత్తవాళ్ళ కోసం ఒక మాట. షాట్‌గన్ అంటే ఒక్క గుండు కాకుండా చిన్న గుళ్ళు (పెల్లెట్లు) చల్లే తుపాకీ. రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటే సైడ్ బై సైడ్, ఒకదాని మీద ఒకటి ఉంటే ఓవర్ అండర్. క్లే అంటే గాలిలోకి విసిరే బిళ్ళ, ట్రాప్, స్కీట్, స్పోర్టింగ్ క్లేస్ దాన్ని కాల్చే ఆటలు. మన ఊళ్ళలో పాత లైసెన్సుల మీద కనిపించే 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకులు చాలావరకు సైడ్ బై సైడ్లే. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటకి దారి మూసుకుపోయింది కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అమెరికా సంగతే.

ముందు చట్టం

గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళ సంగతి తేలిక. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ, తూటా రెండూ దగ్గర ఉంచుకోవడం మామూలుగా నిషేధం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనవాళ్ళు ఎక్కువగా వాడుకునేది అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్. ఆ లైసెన్స్ గడువు అయిపోయిన రోజున మినహాయింపు కూడా పోతుందని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తుపాకీ అప్పటికీ మీ ఇంట్లోనే ఉంటుంది. ఇమిగ్రేషన్ కేసు నడుస్తున్నవాళ్ళు కొనేముందు లాయర్‌తో ఒకసారి మాట్లాడితే మంచిది. ఇల్లినాయ్‌లో ఫోయిడ్ కార్డు (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు), న్యూజెర్సీలో కొనుగోలుదారు గుర్తింపు కార్డు ముందే కావాలి. టెక్సాస్‌లో అలాంటి కార్డు లేదు గానీ, 1971 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్ళు వేటకి వెళ్ళాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలి. అక్కర్లేని రాష్ట్రంలో ఉన్నా ఆ కోర్సు చేయండి, తుపాకీ పట్టుకోవడం ఎలాగో అక్కడ నేర్పిస్తారు.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. క్లే షూటింగ్‌కి వాడిన బ్యాగునే ఇండియా ప్రయాణానికి వాడొద్దు. పక్క జేబులో ఒక్క తూటా మిగిలిపోయి శంషాబాద్ స్కానర్లో కనిపిస్తే ఆయుధ చట్టం కింద కేసు అవుతుంది. షూటింగ్‌కి ఒక బ్యాగు విడిగా పెట్టుకోండి, అంతే.

నడిచే పనా, నిలబడి కాల్చే పనా

సౌత్ డకోటాలో ఫెజెంట్ల వెనకా, టెక్సాస్‌లో బాబ్‌వైట్ క్వెయిల్ వెనకా (మన పూరేడు పిట్టకి దూరపు చుట్టం), మిన్నెసోటా, మిషిగన్ అడవుల్లో గ్రౌజ్ వెనకా తిరిగేవాడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గడ్డిలో, పొదల్లో నడిచి పట్టుమని పది తూటాలు కూడా కాల్చడు. తుపాకీ చేతిలో మోసేదే ఎక్కువ. క్లే రేంజ్‌లో ఇది పూర్తిగా తలకిందులు. ట్రాప్, స్కీట్ ఒక్క రౌండ్‌కి 25 తూటాలు, స్పోర్టింగ్ క్లేస్ అయితే సాధారణంగా 100. అక్కడ తుపాకీ మోసేది తక్కువ, భుజం తినే దెబ్బ ఎక్కువ. మొదటి పనికి ఆరు, ఆరున్నర పౌండ్ల తుపాకీ హాయిగా ఉంటుంది. రెండో పనికి ఏడు, ఏడున్నర ఉంటేనే మంచిది, బరువున్న తుపాకీ వెనక్కి తక్కువ తన్నుతుంది, ఊపులో మధ్యలో ఆగిపోకుండా సాగుతుంది.

క్లే మాత్రమే కాల్చేవాళ్ళకి, అందులోనూ స్కోరు ముఖ్యమనుకునేవాళ్ళకి సైడ్ బై సైడ్ వద్దనే చెప్తాను. అంతర్జాతీయ ట్రాప్‌లో అందరి చేతిలో ఉండేది ఓవర్ అండరే. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ ఆడే ఆట అదే. ఓవర్ అండర్‌లో కింది గొట్టం పేలినప్పుడు తన్ను దాదాపు తిన్నగా వెనక్కి వస్తుంది, సైడ్ బై సైడ్‌లో ఏ గొట్టమైనా మధ్య గీతకి పక్కనే ఉంటుంది కాబట్టి కొంచెం పక్కకి తోస్తుంది. పైగా ముందు చెక్క (గొట్టాల కింద చేత్తో పట్టుకునేది) సన్నగా ఉంటే నాలుగైదు జతలు కాల్చేసరికి ఎడమచేతి వేళ్ళకి గొట్టాలు చురుక్కుమంటాయి. తోలు తొడిగిన హ్యాండ్ గార్డ్ ఒకటి గొట్టాల మీదకి ఎక్కించుకుంటే ఆ బాధ తప్పుతుంది.

మరి సైడ్ బై సైడ్ ఎవరికి? వేటే అసలు పని, క్లే దానికి సాధన అనుకునేవాళ్ళకి. పాత తుపాకీ తీరు, రెండు ట్రిగ్గర్లు, తెరిచినప్పుడు ఎక్కువ కిందికి వంచక్కర్లేకుండా పొదల మధ్య చకచకా లోడ్ చేసుకునే సౌకర్యం నచ్చినవాళ్ళకి. నేను ఈ రెండో జాతివాణ్ణి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. మీ ఏడాదిలో కాల్చే తూటాల్లో ఎన్ని రేంజ్‌లో, ఎన్ని పొలంలో అని ఒక కాగితం మీద రాసుకోండి. చాలామందికి తూటాలు తొంభై శాతం రేంజ్‌లోనే ఖర్చవుతాయి, కోరిక మాత్రం వేట మీద ఉంటుంది. అలాంటివాళ్ళకి ఆరు పౌండ్ల నాజూకు తుపాకీ కన్నా ఆరుంముప్పావు నుంచి ఏడుంపావు మధ్యది సరైన రాజీ.

బరువు, తూటా, గేజ్

డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రీనర్ కాలం నుంచి ఇంగ్లండ్ తుపాకీ పనివాళ్ళు వాడుతున్న లెక్క ఒకటుంది, 96 సూత్రం అంటారు. తుపాకీ బరువు తూటాలో ఉండే పెల్లెట్ల బరువుకి 96 రెట్లు ఉండాలి. ఒక ఔన్సు పెల్లెట్లకి 96 ఔన్సులు, అంటే 6 పౌండ్ల తుపాకీ. ఔన్సు మీద పావులో సగం, అంటే 1⅛ ఔన్సు వేస్తే 6¾ పౌండ్లు. ⅞ ఔన్సుకి 5¼. ఇది వేటలో అప్పుడప్పుడు కాల్చేవాడికి సరిపోయే కనీసపు లెక్క. రేంజ్‌లో వరసగా వంద కాల్చాలంటే దానికి ఇంకో పౌండ్ కలుపుకోండి, లేదా తూటా తగ్గించండి. నేను రెండోదే చేయమంటాను. 12 గేజ్ (గేజ్ అన్నా బోర్ అన్నా గొట్టం వెడల్పు కొలతే, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం) తుపాకీలో ఔన్సు, ⅞ ఔన్సు తూటాలు వేసి స్కీట్ ఆడితే క్లే పగలడంలో తేడా రాదు, తలనొప్పి రాదు, ఉలిక్కిపడే అలవాటు పట్టదు.

గేజ్ విషయంలో జనం గంటలకొద్దీ వాదించుకుంటారు, నేను త్వరగా ముగిస్తాను. ఒక్క తుపాకీతోనే రెండు పనులూ చేయాలంటే 12 లేదా 20. తూటాలు ఏ ఊళ్ళోనైనా దొరికేవి ఇవే. 16 గేజ్ పట్టుకుంటే ప్రాణం లేచి వస్తుంది గానీ తూటాల కోసం వెతుక్కోవాలి. 28 గేజ్ క్వెయిల్‌కి ముచ్చటగా ఉంటుంది, తూటా ఖరీదు ఎక్కువ. అన్నిటికన్నా సన్న గొట్టం .410 అనుభవం ఉన్నవాళ్ళ చేతికి, కొత్తవాళ్ళకీ పిల్లలకీ అదే తేలిక అనుకుని ఇవ్వడం తప్పు, పెల్లెట్లు తక్కువ కాబట్టి తగిలేది తక్కువ, నిరాశే మిగులుతుంది.

12, 20 రెండూ ఇంట్లో ఉంటే ఒక ప్రాణాపాయం ఉంది. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ గొట్టంలో పడితే ముందుకి జారి చాంబర్ (తూటా కూర్చునే చోటు) దాటాక ఇరుక్కుంటుంది. గొట్టం ఖాళీ అనుకుని వెనకాల 12 తూటా పెట్టి కాలిస్తే గొట్టం చేతిలోనే పేలిపోతుంది. 20 గేజ్ తూటాలకి పసుపు రంగు వేసేది అందుకే. రెండు గేజ్‌లూ ఒకే చొక్కా జేబుల్లో ఎప్పుడూ వేయొద్దు, తుపాకీ పేలకపోతే రెండో తూటా పెట్టేముందు గొట్టంలోకి వెలుతురు పెట్టి చూడాలి.

ట్రిగ్గర్లు, చెక్క, మిగతా అమరిక

రెండు ట్రిగ్గర్లలో ముందుది మామూలుగా కుడి గొట్టాన్ని, వెనకది ఎడమ గొట్టాన్ని పేలుస్తుంది. కుడిది కొంచెం విశాలంగా చల్లేది, ఎడమది కొంచెం బిగువుగా దూరం కొట్టేది. దగ్గర్లో లేచిన పిట్టకి ముందు ట్రిగ్గర్, దూరంగా లేచినదానికి తిన్నగా వెనక ట్రిగ్గర్, ఆలోచించే పని లేకుండా వేలే ఎంచుకుంటుంది. సింగిల్ ట్రిగ్గర్ రేంజ్‌లో సుఖం, చలికాలం చేతితొడుగులతోనూ సుఖం. కానీ అది ఇనర్షియా రకమా, మెకానికల్ రకమా అడిగి తెలుసుకోండి. ఇనర్షియా రకం మొదటి తూటా తన్నితేనే రెండోదానికి సిద్ధమవుతుంది. మొదటిది పేలకపోతే రెండోదీ ఉండదు, మరీ తేలిక తూటాలకి కొన్నిసార్లు మొరాయిస్తుంది. రెండు ట్రిగ్గర్ల తుపాకీ కొనేటప్పుడు వెనకది లాగుతుంటే ముందుది వేలి వెనక భాగానికి కొట్టుకుంటోందా చూడండి. మంచి తుపాకుల్లో ముందు ట్రిగ్గర్‌కి చిన్న కీలు ఉంటుంది, తగిలినా ముందుకి వంగుతుంది.

ఇక భుజానికి ఆనే వెనక చెక్క. తిన్నగా ఉండే ఇంగ్లిష్ చెక్క రెండు ట్రిగ్గర్లకి నప్పుతుంది, చెయ్యి కొంచెం వెనక్కి జరగడానికి వీలుంటుంది. పిస్టల్ గ్రిప్, వెడల్పాటి ముందు చెక్క సింగిల్ ట్రిగ్గర్‌కి, రేంజ్‌కి నప్పుతాయి. ఆటోమేటిక్ సేఫ్టీ, అంటే తెరిచి మూసిన ప్రతిసారీ తనంతట తానే సేఫ్‌లోకి వెళ్ళేది, వేటలో మేలే చేస్తుంది. రేంజ్‌లో మాత్రం పుల్ అని అరిచి, క్లే ఎగిరి, ట్రిగ్గర్ లాగితే ఏమీ కాదు. ఆ కారణంగా దాన్ని తీయించుకునే ముందు ఆ తుపాకీ వేటకి వెళ్ళేదేనని గుర్తుంచుకోండి. ఎజెక్టర్లు ఖాళీ తూటాల్ని బయటికి విసిరేస్తాయి, ఎక్స్‌ట్రాక్టర్లు పైకి లేపి వదిలేస్తాయి. డవ్‌లు గుంపులుగా వచ్చేచోట ఎజెక్టర్ కావాలనిపిస్తుంది, తూటాలు మళ్ళీ నింపుకునేవాళ్ళకి ఎక్స్‌ట్రాక్టర్ నయం. దీనికోసం వందల డాలర్లు ఎక్కువ పెట్టనవసరం లేదు.

ఒంటికి సరిపోవడం

నా దృష్టిలో అసలు విషయం ఇది. షాట్‌గన్‌కి వెనక గురి చూసే పరికరం ఉండదు, మీ కన్నే ఆ పని చేస్తుంది. కన్ను ఎక్కడుంటుందో చెక్క నిర్ణయిస్తుంది. కొత్త తుపాకుల చెక్క పొడుగు, ట్రిగ్గర్ నుంచి చివరిదాకా, సాధారణంగా 14½ అంగుళాలకి దగ్గర్లో ఉంటుంది. మన మగవాళ్ళలో ఐదడుగుల ఆరు, ఏడు అంగుళాల వాళ్ళు ఎక్కువ, వాళ్ళలో చాలామందికి 14, ఆడవాళ్ళకి 13½ లాంటి కొలతలు కుదురుతాయి. మీద చలికోటు వేసుకుంటే ఇంకా తగ్గాలి. మోచేతి మడతలో పెట్టి ట్రిగ్గర్ మీద వేలు ఆనుతుందా అని షాపుల్లో చూపించే కొలతని నమ్మొద్దు, మెడ పొడుగు, భుజాల వెడల్పు, చెంప లావు దానికి తెలియవు.

ముందు మీ బలమైన కన్ను ఏదో తేల్చుకోండి. రెండు కళ్ళూ తెరిచి దూరంగా ఉన్న దీపస్తంభం వైపు వేలు చూపించి, ఒక్కో కన్ను మూసి చూడండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వేలు స్తంభం మీదే ఉంటుందో అది. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలమైతే, కళ్ళజోడు ఎడమ అద్దం మీద చిన్న టేపు ముక్క అంటించుకుని మొదలుపెట్టండి, లేదా ఎడమ భుజం నుంచి నేర్చుకోండి.

తర్వాత అసలు పరీక్ష. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, వేటకి వేసుకునే చొక్కా వేసుకుని, గది మూల పైభాగం చూసి, కళ్ళు మూసుకుని, తుపాకీని చెంపకీ భుజానికీ మామూలుగా చేర్చండి. మెడ వంచి సర్దుకోకుండా కళ్ళు తెరవండి. రెండు గొట్టాల మధ్య పట్టీ మీద నుంచి చూపు తిన్నగా ముందు పూస దాకా వెళ్ళి, పట్టీ కొంచెం మాత్రమే కనిపించాలి. గొట్టాల వెనక భాగమే అడ్డొస్తే చెక్క మీకు మరీ కిందికి ఉంది. పట్టీ అంతా రోడ్డులా కనిపిస్తే మరీ ఎత్తు, తుపాకీ పైకి కొడుతుంది. చూపు పట్టీకి ఎడమ పక్కగా పోతుంటే చెక్కని కుడివైపు ఇంకా వంచాలి, దీన్ని కాస్ట్ ఆఫ్ అంటారు. బొటనవేలు కణుపుకీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉంటే పొడుగు సరిపోయినట్టే, ముక్కు తగులుతుంటే పొట్టి. భుజం చేరేటప్పుడు చెక్క చంకలో చొక్కాకి తట్టుకుంటే పొడుగు. ఇలా వరసగా చేస్తుంటే ఆరో ఏడో సారికి మీ ఒళ్ళు తుపాకీకి లొంగి సర్దుకోవడం మొదలుపెడుతుంది, కాబట్టి మొదటి రెండు మూడు సార్లు కనిపించిందే లెక్క.

పోల్చేటప్పుడు రెండు తుపాకుల పొడుగు, కోంబ్ (చెంప ఆనే పై అంచు) దగ్గర దిగువ, మడమ (చెక్క చివర పై మూల) దగ్గర దిగువ, కాస్ట్, బరువు, సమతూకం ఎక్కడ నిలుస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి. సమతూకం కీలు పిన్ను దగ్గర గానీ అర అంగుళం ముందు గానీ ఉంటే చేతుల మధ్య బతికున్నట్టుగా కదులుతుంది. చెక్కని వంచడం, కోయడం, అతికించడం తుపాకీ పనివాడు చేస్తాడు. ఆ ఖర్చు ముందే బడ్జెట్‌లో పెట్టుకోండి. కోసేముందు మాత్రం కోంబ్ మీద మోల్‌స్కిన్ (అతుక్కునే మెత్తటి గుడ్డ) పట్టీలు, చివర రబ్బరు తొడుగు పెట్టి కొన్ని రౌండ్లు కాల్చి చూడాలి, కోసిన చెక్క మళ్ళీ రాదు.

చోక్, చాంబర్, పెల్లెట్లు

చోక్ అంటే గొట్టం మూతి దగ్గర ఉండే బిగింపు. ముప్పై అంగుళాల వలయంలో 40 గజాల దూరాన పెల్లెట్లలో ఎంత శాతం పడుతుందనే దాన్నిబట్టి చోక్‌ని పిలుస్తారు. సిలిండర్‌కి సుమారు 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కి 50, మాడిఫైడ్‌కి 60, ఫుల్‌కి 70. స్థిరమైన చోక్ ఉన్న తుపాకీ కొంటుంటే కుడి ఇంప్రూవ్డ్ సిలిండర్, ఎడమ మాడిఫైడ్ అనే జత దేనికైనా పనికొస్తుంది. స్కీట్‌లో క్లే 20 గజాల దగ్గర్లోనే పగలాలి, క్వెయిల్, గ్రౌజ్ కూడా దగ్గర్లోనే లేస్తాయి. పాత అమెరికన్ తుపాకులు చాలావాటికి రెండు గొట్టాలూ బిగువు చోక్‌లే, అవి 1930ల నాటి తూటాలకి తగ్గట్టు చేసినవి, ఇప్పటి ప్లాస్టిక్ గిన్నె తూటాలతో ఇంకా బిగువుగా కొడతాయి.

పాత ఇంగ్లిష్ తుపాకుల చాంబర్ 2½ అంగుళాలు, ఇప్పటి మామూలు తూటా 2¾. ఆ పొడుగు తూటా పొట్టి చాంబర్‌లో చక్కగా దూరుతుంది, తుపాకీ మూసుకుంటుంది కూడా, మోసం అక్కడే ఉంది. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. చాంబర్ పొడుగు కొలిపించకుండా, ప్రూఫ్ ముద్రలు (ఒత్తిడికి తట్టుకుంటుందని పరీక్షించి కొట్టేవి) చూపించకుండా పాత తుపాకీ కాల్చొద్దు. డమాస్కస్ (ఇనుము, ఉక్కు మెలేసి చేసిన పాతకాలపు) గొట్టాల తుపాకుల జోలికి మొదటి కొనుగోలుకే వెళ్ళొద్దు.

బాతుల వేటకి 1991 నుంచి అమెరికా అంతటా సీసం నిషేధం, కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. స్టీల్ పెల్లెట్లు సీసంలా నలగవు, పల్చటి గొట్టాలున్న, ఫుల్ చోక్ ఉన్న పాత తుపాకీలో వేస్తే మూతి దగ్గర ఉబ్బు వస్తుంది. కొత్త తుపాకీ అయితే స్టీల్‌కి పనికొస్తుందని దాని మీద గానీ పుస్తకంలో గానీ రాసి ఉందేమో చూడండి, పాతదైతే బిస్మత్ పెల్లెట్ల తూటాలు వాడండి, ఖరీదు ఎక్కువే గానీ తుపాకీ మిగులుతుంది. పెల్లెట్ సైజు మాటకొస్తే (అంకె తగ్గేకొద్దీ పెల్లెట్ పెద్దది) క్లేకి 8 లేదా 7½, క్వెయిల్‌కి అవే, ఫెజెంట్‌కి 5 లేదా 6.

వాడిన తుపాకీని పరీక్షించడం

ఇక్కడ తొందరపడొద్దు, అమ్మేవాళ్ళని అడిగి ప్రతిదీ చేయండి, ఒప్పుకోకపోతే ఆ తుపాకీ వదిలేయండి. ముందు తెరిచి ఖాళీ అని చూసుకోండి. ముందు చెక్క తీసేసి తుపాకీని మూయండి. ముందు చెక్క ఉంటే దాని బిగువు వదులుదనాన్ని దాచేస్తుంది కాబట్టి తీయడం తప్పనిసరి. చెక్కని చంకలో బిగించి, గొట్టాల్ని పట్టుకుని అటూ ఇటూ కుదపండి. కీలు దగ్గర ఏ మాత్రం కటకటలాడినా తుపాకీ అరిగిందన్నమాట, బాగుచేయించొచ్చు గానీ ధరలో అది తగ్గాలి. గొట్టాల వెనక ముఖానికీ యాక్షన్ (ట్రిగ్గర్ల పైనుండే లోహపు భాగం) ముఖానికీ మధ్య వెలుతురు కనిపిస్తోందా చూడండి. పైన తెరిచే మీట కొంచెం కుడివైపు నిలిస్తే ఆయుష్షు ఉంది, మధ్య దాటి ఎడమకి పోతే చాలా కాల్చారు.

ఇప్పుడు గొట్టాల్ని విడదీసి, కింద ఉండే కొక్కేనికి వేలు పెట్టి గాలిలో వేలాడదీసి, వేలి కణుపుతో తట్టండి. పట్టీలు గట్టిగా అతుక్కుని ఉంటే గుడిగంటలా సాగే నాదం వస్తుంది. చప్పగా టక్కుమన్నా, జివ్వుమని వణికినా పట్టీ ఎక్కడో ఊడింది, లోపలికి తేమ పోయి తుప్పు తింటోంది. ఎజెక్టర్ల స్ప్రింగులు, కొక్కేలు తట్టిన శబ్దాన్ని పాడుచేయకుండా చూసుకోండి. తర్వాత గొట్టాల్ని కిటికీ వైపు ఎత్తి లోపలికి చూస్తూ మెల్లగా తిప్పండి, కిటికీ చట్రం నీడ గొట్టంలో తిన్నటి గీతలా నడవాలి. ఎక్కడైనా గీత వంకర తిరిగితే అక్కడ నొక్కు గానీ ఉబ్బు గానీ ఉంది. గొట్టం మందం మాత్రం కంటితో తెలియదు, పనివాడి దగ్గర గేజ్ ఉంటుంది, ఎక్కడా 0.020 అంగుళం కన్నా పల్చగా లేకుంటే మంచిది.

చెక్కకి వెనక, లోహం కలిసేచోట పగుళ్ళు చూడండి. ఎల్.సి. స్మిత్ తుపాకుల్లో పక్క ప్లేట్ల వెనకాల చెక్క చీలడం అందరికీ తెలిసిన జబ్బు. స్క్రూ తలలు నలిగి ఉంటే ఎవరో తెలియనివాడు లోపల చెయ్యి పెట్టాడు. స్నాప్ క్యాప్‌లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) వేసి రెండు ట్రిగ్గర్లూ లాగండి, సేఫ్టీ వేసి లాగండి, ఎజెక్టర్లు రెండూ ఒకేసారి ఒకే దూరం విసరాలి.

దూరం నుంచి కొంటే చాలామంది డీలర్లు మూడు రోజుల పరిశీలన గడువు ఇస్తారు, కాల్చకుండా తిరిగి పంపితే డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ షరతు రాతలో తీసుకోండి. తుపాకీ మీ ఊరి లైసెన్స్ డీలర్ దగ్గరికే వస్తుంది, అక్కడే తుపాకీ కొనేవాళ్ళు నింపే ఫెడరల్ 4473 ఫారం నింపాలి.

ఏ తుపాకులు

ఇంత చూశాక ఇప్పుడు పేర్లు. వెయ్యి డాలర్ల అటూ ఇటూ కొత్తది కావాలంటే టర్కీ హుగ్లులో తయారయ్యే సీజెడ్ బాబ్‌వైట్ జీ2 నా మొదటి సలహా. రెండు ట్రిగ్గర్లు, తిన్నటి ఇంగ్లిష్ చెక్క, మార్చుకునే చోక్‌లు, ఎక్స్‌ట్రాక్టర్లు. ట్రిగ్గర్లు కొంచెం బరువు, తెరవడం మొదట్లో బిగువు, కాల్చేకొద్దీ వదులవుతుంది. బ్రెజిల్ నుంచి వచ్చే స్టోగర్ అప్‌లాండర్ ఇంకా చవక, గట్టిది, చేతిలో మొద్దుగా ఉంటుంది, డబ్బు కొంచెం కూడబెట్టుకుని బాబ్‌వైట్‌కి వెళ్ళమంటాను. పాతవాటిలో రెండు పనులకీ కుదిరేది జపాన్‌లో మిరోకు చేసిన బ్రౌనింగ్ బీఎస్ఎస్. 12 గేజ్ బరువుగానే ఉంటుంది, సింగిల్ ట్రిగ్గర్, వెడల్పు ముందు చెక్క, రేంజ్‌లో రోజంతా కాల్చినా అలుపు రాదు. నడకకి మాత్రం దాని 20 గేజ్ చూడండి. ఫాక్స్ స్టెర్లింగ్‌వర్త్ నడిచేవాళ్ళకి ప్రాణం, లోపల తక్కువ భాగాలు, చోక్, చెక్క దిగువ కొలిచి కొనాలి, అప్పటి చెక్కలు ఇప్పటి అలవాటుకి బాగా కిందికి ఉంటాయి.

స్పెయిన్ ఐబార్‌లో చేసిన ఆయా (AYA) కంపెనీ తుపాకుల్లో చూడాల్సినవి 4/53 బాక్స్‌లాక్, నంబర్ 2 సైడ్‌లాక్. బాక్స్‌లాక్ అంటే 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో ఆన్సన్, డీలీ చేసిన అమరిక, భాగాలు తక్కువ, బాగుచేయడం తేలిక. పక్క ప్లేట్ల మీద యంత్రాంగం ఉండే సైడ్‌లాక్ అందం వేరు, ఖరీదూ వేరు. తగిలే పిట్టల సంఖ్యలో తేడా ఉండదు. వాడిన 4/53 మంచి స్థితిలో దొరికితే ఇక వెతకడం ఆపండి. ఐదు వేలు దాటి పెట్టగలిగితే బెరెట్టా 486 పారలెలో ఆధునిక గొట్టాలు, స్టీల్‌కి తట్టుకునే బలం ఇస్తుంది, బాతులూ ఫెజెంట్లూ రెండూ కావాలనుకునేవాళ్ళకి అది సరైన ఖర్చు.

కాగితం, తర్వాత క్లే

చివరికి రెండు తుపాకులు మిగిలాయనుకోండి. మిత్రుడి దగ్గర అలాంటిదే అడిగి తెచ్చుకున్నా, అద్దెకి తీసుకున్నా సరే, రెండూ ఒకే రోజు ఒకే డబ్బా తూటాలతో కాల్చండి. నాలుగడుగుల కాగితం కట్టి మధ్యలో నల్ల చుక్క పెట్టి, 16 గజాల దూరం నుంచి, గురి చూడకుండా, తుపాకీ భుజానికి చేరగానే కాల్చండి. ప్రతి కాగితం మీదా మూడు నాలుగు తూటాలు పడనిస్తే మధ్యభాగం చిరిగి ఒక గుంటలా తేలుతుంది. ఆ గుంట చుక్కకి ఒక అంగుళం పక్కకి ఉంటే చెక్కలో పదహారో వంతు అంగుళం తేడా ఉన్నట్టు. మూడు అంగుళాలు ఎడమకి, రెండు కిందికి వచ్చిందంటే పనివాడికి చెప్పాల్సిన కొలత మీ చేతిలో ఉన్నట్టే.

తర్వాత 40 గజాలకి వెళ్ళి కుడి గొట్టం ఒక కాగితం మీద, ఎడమ గొట్టం ఇంకో కాగితం మీద, ఈసారి నిదానంగా గురిచూసి కాల్చండి. రెండింటి మధ్యభాగాలు దాదాపు ఒకేచోట ఉండాలి. ఒకటి అడుగు పక్కకి పోతుంటే గొట్టాలు సరిగా కలిపి అతకలేదు, చెక్క పనితో అది బాగుపడదు, ఎంత చవకైనా వదిలేయండి. ముప్పై అంగుళాల వలయం గీసి రంధ్రాలు లెక్కపెడితే చోక్ రాసినదానికి తగ్గట్టు ఉందో లేదో తెలుస్తుంది. ఒక ఔన్సు 8 నంబర్ తూటాలో సుమారు 410 పెల్లెట్లుంటాయి, శాతం దాన్నిబట్టి వేసుకోండి.

ఆ తర్వాతే స్కీట్. తుపాకీ భుజం మీద ముందే పెట్టుకోకుండా, చెక్క మడమని నడుము పైన ఉంచి, క్లే కనిపించాక ఎత్తి కాల్చాలి, వేటలో జరిగేది అదే. ఒక తుపాకీతో 25, కాసేపు ఆగి రెండోదానితో 25, వచ్చేవారం వరస మార్చి మళ్ళీ. ఏ స్టేషన్లో తప్పిందో, ముందు తప్పిందా వెనక తప్పిందా పక్కనున్నవాళ్ళని చూసి చెప్పమనండి. తేలిక తుపాకీతో దాటిపోయే క్లేలు వరసగా వెనక తప్పుతుంటే అది మీ చేతిలో ఆగిపోతోంది, 30 అంగుళాల గొట్టాలున్నది అడగండి. బరువుదానితో స్టేషన్ 8 దగ్గర ఆలస్యమవుతుంటే గ్రౌజ్ అడవిలోనూ ఆలస్యమవుతుంది. స్కోరు సమానంగా వస్తే చివరి ఐదు తూటాలకి దవడకీ మధ్యవేలికీ నొప్పి పెట్టనిదాన్ని తీసుకోండి.